చేపల తొట్టి: ఏ చేపకు ఏది తోడు?

పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పూర్వులు మత్స్యన్యాయమన్నారు. దండించే రాజు లేనిచోట బలవంతుడు బలహీనుని కబళిస్తాడని చెప్పడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఈ ఉపమానాన్నే వాడుకొన్నాడు. అయితే చెరువులోని చిన్న చేపకు కొంత వెసులుబాటున్నది. దాగడానికి తుంగపొదలున్నవి, రాళ్ల సందులున్నవి, పారిపోవడానికి విశాలమైన నీరున్నది. రెండడుగుల గాజు తొట్టిలో ఇవేవీ లేవు. అందులో ఎవరి ప్రక్కన ఎవరుండవలెనో నిర్ణయించేది చేపలు కావు. వాటిని కొని తెచ్చిన మనము.

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చీరాల వంటి పట్టణాలలో రంగు చేపల దుకాణాలు ఇప్పుడు వింత కాదు. చేపలు ఎక్కువగా చెన్నైలోని కొళత్తూరు వంటి పెంపకపు కేంద్రాలనుండి ప్లాస్టిక్ సంచులలో ప్రయాణం చేసి వస్తాయి. మన విద్యార్థులలో పలువురు పండుగనాడు చేతికి వచ్చిన డబ్బుతోనో, పరీక్ష ప్యాసైన సంతోషంతోనో ఒక తొట్టిని ఇంటికి తెచ్చుకొంటున్నారు. సాధారణంగా ఆ కొనుగోలు ఇట్లా ఉంటుంది: రెండు గోల్డ్ ఫిష్, ఒక జత ఏంజెల్, నాలుగు టైగర్ బార్బ్‌లు, తొట్టి శుభ్రం చేస్తుందని ఒక నల్లని సక్కర్ చేప. అన్నీ ఒకే సాయంత్రం, ఒకే తొట్టిలో, అప్పుడే కొళాయినుండి పట్టిన నీటిలో. వారం తిరిగేసరికి సగం చేపలు వెల్లకిల పడతాయి. ఇంటికి రాబోయిన కీడును చేప తనమీద వేసుకొని పోయిందని పెద్దలు ఊరడిస్తారు. ఈ నమ్మకం వలన నష్టపోని వ్యక్తి దుకాణదారు ఒక్కడే. చచ్చిన చేపకు కారణం వెదకవలసిన అవసరం లేకుండా, మరుసటి వారమే మరొక చేప అమ్ముడవుతుంది.

కారణాలు వెదికితే దొరుకుతాయి. వాటిలో మొదటిది చాలమంది గమనించనిది. చేపకు చేప తోడు కావడానికి ముందు, చేపకు నీరు తోడు కావలెను. ఏ చేపలు కలిసి బ్రతుకుతాయని అడిగే ముందు, మన ఊరి నీటిలో, మన ఊరి ఎండలో ఏవి బ్రతుకుతాయని అడగవలసి ఉన్నది. పరదేశపు పుస్తకాలలోని పట్టికలను యథాతథంగా అనుసరించేవారు ఇక్కడనే దెబ్బతింటున్నారు.

మన నీరు

పల్నాడులోను, ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాలలోను బోరునీరు పట్టిన కాగులో కొద్దినాళ్లకే తెల్లని పెచ్చు కడుతుంది. సబ్బు నురగ రాదు. పప్పు త్వరగా ఉడకదు. ఇది కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న కఠిన జలము. తరచుగా క్షారగుణం కలిగినది. కృష్ణనుండి నాగార్జునసాగర్ కుడి కాలువ ద్వారా వచ్చే నీరు దీనికంటె మెత్తనిదే గాని, ఆ నీరు అందని వీధులలో బోరే గతి.

దుకాణంలో అందరి చూపును ఆకర్షించే నియాన్ టెట్రాను ఈ వెలుగులో చూడండి. నీలి, ఎరుపు గీతలతో దీపపు వత్తివలె మెరిసే ఈ చిన్న చేప అమెజాన్ పరీవాహక ప్రాంతానిది. 1936లో శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించి, అక్వేరియం గ్రంథకర్త విలియం ఇన్నెస్ పేరును దాని శాస్త్రీయ నామంలో చేర్చారు. ఆకులు కుళ్లి తేనీటి రంగుకు తిరిగిన, లవణాలు దాదాపు లేని, కొంచెం ఆమ్లగుణం గల నీటిలో అది పుట్టి పెరిగింది. కనిగిరి బోరునీటిలో దానిని వదలడం దానికి శిక్షే. స్వభావరీత్యా నియాన్ టెట్రా సాధువు; ఎవరి జోలికీ పోదు. అయినా మన తొట్టికి తగిన చేప కాదు. స్వభావం ఒక్కటే చూసి చేపను ఎంచుకోరాదనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

ఇందుకు విరుద్ధంగా గప్పీ, ప్లాటీ, మోలీ అనే మూడు జాతులకు కఠిన జలమే ఇష్టము. గప్పీ ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతాలది. ప్లాటీ, మోలీ మెక్సికో, మధ్య అమెరికాలవి. ఇవి గుడ్లు పెట్టక పిల్లలనే కంటాయి. మన కాగులో పెచ్చు కట్టించే నీటిలోనే ఇవి రెక్కలు విప్పి తిరుగుతాయి. కాబట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రారంభకునికి మొదటి చేపలు ఇవే అని నా అభిప్రాయం. చవక చేపలని కొందరు వీటిని చిన్నచూపు చూస్తారు. చవకదనం దోషమెట్లా అవుతుందో నాకు తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. బోరునీరు మంచిది కాదని విని, త్రాగడానికి ఇంటికి తెప్పించే ఇరవై లీటర్ల క్యాను నీటితో తొట్టిని నింపేవారున్నారు. శుద్ధి యంత్రం ఆ నీటినుండి దాదాపు అన్ని లవణాలను తీసివేస్తుంది. అటువంటి నీటికి తన ఆమ్ల, క్షార స్థితిని నిలుపుకొనే శక్తి ఉండదు. చేపల మలంతో కొద్దివారాలలో పులిసిపోతుంది. గప్పీ, మోలీలకు కావలసిన ఖనిజాలు కూడ అందులో లేవు. బోరునీరు మరీ కఠినమైతే, మూడు పాళ్ల బోరునీటికి ఒక పాలు క్యాను నీరు కలుపుకోవచ్చును. అంతకు మించిన మార్పు ప్రారంభకునికి వద్దు. నీరు కొంచెం కఠినమైనా నిలకడగా ఉంటే చేప సర్దుకొంటుంది. రోజుకొక తీరుగా మారే నీటికి సర్దుకోలేదు.

పురపాలక సంఘం కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పైన బకెట్టులో ఒక రోజంతా ఉంచితే అది పోతుంది. ఎయిర్ పంపు గొట్టం అందులో వేస్తే ఇంకా త్వరగా పోతుంది.

కంటికి కనిపించని విషము

చేప మలమూత్రాలనుండి, తినగా మిగిలిన మేతనుండి అమోనియా పుడుతుంది. అది విషము. ప్రకృతిలో దానిని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గాను, మరొక జాతి నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడ విషమే. నైట్రేట్ చాల మేరకు సహించదగినది. రెండవ పనిని అక్వేరియంలలో నైట్రోబాక్టర్ చేస్తుందని పాఠ్యపుస్తకాలు చిరకాలం చెబుతూ వచ్చినవి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరా జాతిదని 1998లో పరిశోధకులు చూపించారు. పేరేదైనా ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో ఉండవు. గులకరాళ్లమీద, ఫిల్టరు స్పాంజిమీద అవి స్థిరపడటానికి నాలుగునుండి ఆరు వారాలు పడుతుంది. ఒకే సాయంత్రం పది చేపలు తెచ్చిన ఇంటిలో వారం తిరిగేసరికి జరిగేది ఈ విషప్రయోగమే.

మన నీటికి ఇందులో ప్రత్యేకమైన చిక్కొకటున్నది. అమోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. వాటిలో ఒకటే తీవ్ర విషము. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో మొత్తం అమోనియాలో ఈ విషరూపం సుమారు 0.6 శాతము. పి.హెచ్. 8 ఉన్న నీటిలో అది 5 శాతం దాటుతుంది. అంటే అదే మేత, అవే చేపలు, అదే మురికి. కాని క్షారజలంలో విషం దాదాపు తొమ్మిది రెట్లు. వేడిమి పెరిగితే ఇంకా ఎక్కువ. చల్లని దేశంలో, మెత్తని నీటిలో పన్నెండు చేపలు నిభాయించే తొట్టి మన ఊరిలో ఎనిమిదింటినే నిభాయించవచ్చును.

ఎండ మరొక లెక్క చెబుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. 35కు ఏడు కూడ ఉండదు. చేప ఆకలి, ఊపిరి మాత్రం వేడితో పెరుగుతాయి. రెంటచింతల ఎండల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగినప్పుడు చేపలన్నీ నీటి పైకప్పుకు మూతులు చేర్చి గుటకలు వేయడం మనవారికి పరిచయమైన దృశ్యమే. ఎత్తైన, ఇరుకు మూతి గల తొట్టికంటె వెడల్పైన తొట్టి మేలని చెప్పేది ఇందుకే. గాలి సోకే మేర ఎక్కువగా ఉంటుంది. తొట్టిని పడమటి గోడకు ఆనించరాదు. నీటిమీద ఫ్యాను గాలి తగిలేటట్లు చేస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గుండ్రని గాజుగిన్నె మాత్రం ఏ ఋతువులోను చేపకు ఇల్లు కాదు.

మందుల కాలము

పత్తి, మిరప పండే నేలలో నివసించే మనము మరొక జాగ్రత్త తీసుకోవలెను. సైపర్‌మెత్రిన్ మొదలైన పైరెత్రాయిడ్ జాతి పురుగుమందులు మనుష్యునికంటె చేపకు అనేక రెట్లు ప్రమాదకరము. లీటరు నీటిలో ఒకటి రెండు మైక్రోగ్రాములు ఉన్నా చాల జాతులు చనిపోతాయి. నలభై అయిదు లీటర్ల తొట్టికి ఈ లెక్క వేసి చూస్తే, మందు మొత్తం బరువు ఒకటి రెండు ఉప్పురవ్వలకు మించదు. మిరపతోటలో మందు చల్లి వచ్చిన అన్న చేతులు కడుగుకొన్నానని చెప్పి తొట్టిలో రాయి సర్దితే చాలు. 1987–88లో తెల్లదోమ మన జిల్లాల పత్తి రైతును నిలువునా ముంచిన నాడు ఈ జాతి మందుల విచ్చలవిడి వాడకం ఎంత చర్చకు వచ్చిందో పెద్దలకు జ్ఞాపకమే. పురుగు వాటికి అలవాటు పడింది. చేప అలవాటు పడలేదు.

ఇంటిలో దోమలకు వెలిగించే చుట్టలు, గోడకు తగిలించే ద్రవపు సీసాలు సాధారణంగా ఇదే కుటుంబపు మందులతో తయారవుతాయి. చేపలున్న గదిలో వాటిని వాడరాదు. ఎయిర్ పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నీటిలోనికి పంపుతుందని మరువవద్దు. అట్లాగే మందులు కొట్టే మాసాలలో పొలం కాలువనుండి నాచును, చేపలను తెచ్చి తొట్టిలో వేయవద్దు.

ఎవరితో ఎవరు

నీరు, వేడి, మందు అనే మూడు పరీక్షలు దాటిన తరువాతనే చేపల పరస్పర స్నేహం ప్రస్తావనకు వస్తుంది. ఇందులో నాలుగు సంగతులున్నవి.

మొదటిది నోటి కొలత. చేప నోటిలో పట్టేదేదైనా దానికి ఆహారమే. పగలంతా గప్పీల ప్రక్కన మౌనంగా తేలే ఏంజెల్ చేప రాత్రి వాటి పిల్లలను, సన్నని టెట్రాలను మ్రింగుతుంది. అది దుర్మార్గమూ కాదు, విశ్వాసఘాతుకమూ కాదు. దానికి ఆకలి, వాటికి చిన్నతనము. పైగా ఏంజెల్ చేప పదిహేను సెంటీమీటర్లదాక పెరుగుతుంది. నిలువు రెక్కలతో కలిపితే ఎత్తు అంతకంటె ఎక్కువ. అడుగు లోతు తొట్టి దానికి చాలదు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా అనేవి పూర్తిగా వేటచేపలు. వాటి గురించి ప్రారంభకుడు ఆలోచించనే వద్దు.

రెండవది తోకలు కొరికే అలవాటు. టైగర్ బార్బ్ చురుకైన, అందమైన చేప. కాని మెల్లగా కదిలే, పొడవైన రెక్కలు గల చేప ఎదురైతే ఊరుకోదు. గప్పీ తోక, ఏంజెల్ రెక్క, ఫైటర్ పరికిణీ దానికి ఆటవస్తువులు. కొరికినచోట బూజు పడుతుంది, చేప చస్తుంది. ఒకటి రెండు బార్బ్‌లుంటే ఈ ఆగడం మరింత పెరుగుతుంది. ఎనిమిది పది ఉంటే తమలో తాము తరుముకొంటాయి. కాని అంత గుంపుకు రెండడుగుల తొట్టి సరిపోదు గనుక దానిని ప్రస్తుతానికి వదలివేయడమే మంచిది.

మూడవది గుంపు, ఏకాంతము. జీబ్రా, టెట్రా, బార్బ్ మొదలైనవి గుంపు చేపలు. వీటిని ‘జత’ కొనడం మనలో స్థిరపడిన దురాచారము. ఆరింటికి తక్కువైతే అవి బెదురుతూ మూలలు వెదకుతాయి, లేదా ప్రక్కవారిమీద విరుచుకుపడతాయి. సియామీస్ ఫైటర్ ఇందుకు ప్రతికూలము. రెండు మగవి ఎదురుపడితే రెక్కలు చీరుకొంటాయి. మన గొరకవలె దీనికి కూడ గాలినుండి నేరుగా ఊపిరి తీసుకొనే అవయవమున్నది. నీటినుండి తీసిన గొరక చాలసేపు బ్రతికి ఉండటం మన పల్లెలలో అందరూ చూసినదే. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని ఫైటర్‌ను గాజు గ్లాసులో పెట్టి అమ్ముతున్నారు. చావకపోవడమూ, బ్రతకడమూ ఒకటి కాదు. ఫైటర్ మీద మనసైతే దానికొక పదిహేను ఇరవై లీటర్ల తొట్టిని వేరుగా ఇచ్చి ఒంటరిగా ఉంచవలెను.

నాలుగవది వేడిమి. గోల్డ్ ఫిష్ చైనానుండి వచ్చిన చల్లని నీటి చేప. అది పదిహేను ఇరవై సెంటీమీటర్లు పెరుగుతుంది, పదేళ్లకు మించి బ్రతకగలదు, దాని మలం నీటిని ఇట్టే పాడుచేస్తుంది. రెండడుగుల తొట్టిలో గోల్డ్ ఫిష్ పెట్టడమంటే ఎద్దును వంటింటిలో కట్టివేయడమే. అడుగున తిరిగే కోరిడోరాస్ చేపలు సాధువులే గాని, వాటిలో చాల జాతులు మన ఎండాకాలపు నీటి వేడికి తాళలేవు.

పేర్లతో మోసము

తెలుగు చెప్పుకొని బ్రతికేవాడిని గనుక పేర్ల విషయంలో కొంత నిలిచి మాట్లాడతాను. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్టణ తీరంలో చేపలను సేకరించి 1803లో రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలతో గ్రంథం ప్రకటించినప్పుడు, జాలరులు పిలిచే తెలుగు పేర్లను వినినంతలో వ్రాసి పెట్టాడు. 1822లో గంగానది చేపలను గురించి వ్రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ కూడ రోహిత, కాట్ల వంటి దేశీయ నామాలనే శాస్త్రీయ నామాలుగా నిలిపాడు. జనం పెట్టుకొన్న పేరులో చేప గుణం దాగి ఉంటుంది. దుకాణం పెట్టిన పేరులో బేరం దాగి ఉంటుంది.

దుకాణంలో వెండిరంగులో మెరిసే నాలుగంగుళాల ‘షార్క్’ను చూడండి. అది సొరచేప కాదు. మన కోస్తా జిల్లాల చేపలచెరువులలో తినడానికి పెంచే పంగాసియస్ పిల్ల అది. ఎదిగితే మీటరు దాటుతుంది. తొట్టిలో గుంపు లేక, చోటు లేక, అద్దానికి ముక్కు కొట్టుకొంటూ కుంగిపోతుంది. ‘బాలా షార్క్’ కూడ అడుగు పొడవు పెరిగే చేపయే. ‘సక్కర్’ సంగతి చివరన చెబుతాను. రంగుల ‘గ్లాస్ ఫిష్’ మరొక అన్యాయము. ఇది మన దేశపు చేప. ఎముకలు కూడ కనిపించేటంత పారదర్శకమైన దేహం దాని సహజ సౌందర్యము. దానికి సూదితో రంగు ఎక్కించి అమ్మడం ఎంతోకాలంగా సాగిన క్రూరమైన వ్యాపారము. అటువంటి చేప కనిపిస్తే కొనకుండా రావడమే మనం చేయగల సహాయము.

జంతువును బంధించి ఉంచడం మన ధర్మంలో సమ్మతమేనా అని విద్యార్థులు అడుగుతుంటారు. అబూ ఉమైర్ అనే బాలుడు ఒక చిన్నపిట్టను పెంచుకొన్నాడు. అది చనిపోయి అతడు దిగులుగా ఉంటే ప్రవక్త ముహమ్మద్ (స) అతనిని పిట్ట పేరుతో పలకరించి ఊరడించారు, పెంచినందుకు మందలించలేదు. అదే ప్రవక్త, పిల్లిని కట్టివేసి తిండి పెట్టక, తినడానికి వదలక చంపిన స్త్రీకి నరకం ప్రాప్తించిందని కూడ చెప్పారు. ఈ రెండు హదీసులను విడదీసి చదువరాదు.

ఇంటిచేపలు

మన వాగులలో, కాలువలలో, కుంటలలో ఉన్న చిన్న చేపలను గురించి ఎవరూ ఆలోచించరు. జీబ్రా చేప పరదేశపుదని పలువురి భ్రమ. అది అచ్చంగా భారత ఉపఖండపు చేప. హామిల్టన్ 1822 గ్రంథంలోనే దాని వర్ణన ఉన్నది. నాలుగు సెంటీమీటర్ల ఈ చేప చలినీ, వేడినీ, కఠిన జలాన్నీ చక్కగా ఓర్చుకొంటుంది. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రకటించిన పరిశోధనతో ఇది ప్రపంచ ప్రయోగశాలలన్నింటికి ప్రియమైన జీవియైనది. 2013లో దీని జన్యుపటం సమగ్రంగా వెలువడింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో కూడ దీనిమీద పరిశోధనలు సాగుతున్నవి.

పరిగె జాతిలోని టిక్టో మరొకటి. వెండి దేహంమీద రెండు నల్లని చుక్కలు, ఒకటి మొప్ప వెనుక, ఒకటి తోక దగ్గర. జత కట్టే కాలంలో మగదానికి ఎర్రని ఛాయ వస్తుంది. నీటి పైభాగాన తిరిగే పాన్‌చాక్స్ తలమీద ఒక మెరిసే చుక్క ఉంటుంది. దోమపిల్లలను ఇష్టంగా తింటుంది. ఇవి రెండూ హామిల్టన్ ఎరిగినవే. దోమలను తినిపించడానికి 1928లో గంబూసియా చేపను విదేశంనుండి తెప్పించుకొన్న దేశంలో, ఇంటిలోని పాన్‌చాక్స్ పేరు తెలిసినవారు ఎందరున్నారు? కాలువనుండి తెచ్చిన చేపలను తొట్టిలో నేరుగా వేయక, రెండు మూడు వారాలు వేరే పాత్రలో ఉంచి రోగం లేదని నిశ్చయించుకోవలెను. వానకాలపు మొదటి వరదలో అవి గ్రుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి, అప్పుడు పట్టవద్దు.

మూడు కూర్పులు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి లెక్కకు 57 లీటర్లు. గులకరాళ్లు, పైన వదలిన ఖాళీ పోగా నికరంగా నలభై అయిదు లీటర్లు. దీనికి ఈ క్రింది కూర్పులలో ఏదో ఒకటి చాలును. మూడింటిని కలపవద్దు.

అన్నిటికంటె సులభమైనది మగ గప్పీల కూర్పు. ఎనిమిది మగవి, నాలుగు పోగుల పునాచు, అంతే. రంగంతా మగదానిదే. ఆడదానిని చేర్చినారా, నాలుగు వారాలకొకసారి ఇరవై ముప్పై పిల్లలు. ఒకసారి జత కూడిన ఆడ గప్పీ మళ్లీ మగ తోడు లేకనే కొన్ని నెలలపాటు పిల్లలను కంటుంది. ఈ సంతానాన్ని ఏమి చేయవలెనో తెలియని ఇళ్లు చాల ఉన్నవి. రెండవ కూర్పులో ఆరు జీబ్రాలు, ఒక మగ, రెండు ఆడ ప్లాటీలు. జీబ్రాలు పైభాగంలో పరుగులు తీస్తాయి. ప్లాటీలు మధ్యలో, అడుగున మేస్తాయి. జీబ్రాలను గప్పీలతో మాత్రం కలపవద్దు. వాటి పరుగు వలన, అప్పుడప్పుడు కొరుకుడు వలన గప్పీ తోకకు శాంతి ఉండదు. మూడవది మన ఇంటిచేపల కూర్పు: ఆరు టిక్టోలు, ఒక జత పాన్‌చాక్స్. జీబ్రా, పాన్‌చాక్స్ రెండూ ఎగిరి దూకుతాయి కాబట్టి తొట్టికి మూత తప్పనిసరి. మోలీ మంచిదే గాని ఎనిమిది పది సెంటీమీటర్లు పెరుగుతుంది గనుక మూడడుగుల తొట్టి కొనేదాక ఆగవలెను.

తొట్టి కొన్న రోజున చేప కొనవద్దు. నీరు నింపి, ఫిల్టరు నడిపి, రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ ఉండండి. అది కుళ్లి అమోనియా పుట్టి, సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. పాత తొట్టి గల మిత్రుడుంటే, జబ్బు లేని అతని తొట్టి స్పాంజిని మీ తొట్టిలో పిండితే ఈ నిరీక్షణ తగ్గుతుంది. నెల గడచిన తరువాత మూడు చేపలు. మరి రెండు వారాలకు మరి మూడు. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మేత. బొరుగులు, రొట్టె ముక్కలు వద్దు. ఆకలితో చచ్చే చేపలకంటె అధిక మేతవలన చచ్చేవే ఎక్కువ. వారానికొకసారి నాలుగవ వంతు నీరు తీసి, నిలువ ఉంచిన నీరు పోయవలెను. స్పాంజిని కొళాయి క్రింద కడగరాదు; తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. లేకున్న నెలరోజులు పెంచిన సూక్ష్మజీవులు క్లోరిన్‌కు బలియై, తొట్టి మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక సక్కర్ సంగతి. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ చేపను నాచు తిని తొట్టిని శుభ్రం చేస్తుందని అమ్ముతారు. అది నాచు తినేమాట నిజము. కాని తినినదానికంటె ఎక్కువ మలం విడుస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలక, చంపడానికి చేతులు రాక, పుణ్యమనుకొని దానిని కాలువలో వదలిన ఇళ్లెన్నో. ఇప్పుడది కృష్ణలోను, ఆంధ్ర చేపలచెరువులలోను పెరిగిపోయింది. ఒంటినిండా ముళ్లపెంకులు; వలలను చింపుతుంది; పిల్లలను పెంచడానికి గట్లలో బొరియలు త్రవ్వుతుంది; తినేవారు లేక ధర పలకదు. జాలరులు దానిని దెయ్యపు చేప అంటున్నారు. అక్కరలేని చేప ఏదైనా సరే, గప్పీ పిల్లయినా సరే, దుకాణానికి తిరిగి ఇవ్వండి. లేదా తొట్టి ఉన్న మిత్రునికివ్వండి. కొనేటప్పుడే తిరిగి తీసుకొంటారా అని దుకాణదారును అడిగి, తీసుకొంటామన్నచోటనే కొనండి. తొట్టి కడిగిన నీటిని కూడ కాలువలో పోయక పెరటి చెట్ల మొదట పోయండి. అందులో కంటికి కనిపించని పిల్లలు, నత్తగ్రుడ్లు ఉండవచ్చును. మునగచెట్టుకు ఆ నీరు మంచి ఎరువు.